కామవరపుకోట ప్రయాణము: రెండు బ్రేకులు

ఏలూరినుండి ఉత్తరముగా జాతీయ రహదారిని దాటి కామవరపుకోటకు పోవు త్రోవ సుమారు 40 కిలోమీటర్లుండును. దక్షిణమున కొల్లేటివైపు పోయినచో కాలువలును, చేపల చెఱువులును, నీళ్ళ నడుమ గట్లును కనబడును. ఉత్తరమునకు తిరిగిన కొలదిసేపటికే యా నీటిదేశము వెనుకబడిపోవును. నేల యెఱ్ఱబాఱును. వరిచేలకు మాఱుగా ఆయిల్‌పామ్ తోటలు, జీడిమామిడి తోపులు, కొబ్బరి, కోకో, మొక్కజొన్న, అక్కడక్కడ పొగాకు కాల్చు బారనులు కన్పట్టును. మనవారు మెట్టసీమ యని పిలుచు ప్రాంత మిదియే. త్రోవకు ప్రక్కగా పెదవేగి యున్నది. శాలంకాయనుల రాజధానియైన వేంగీనగరము అచ్చటనే యుండెనని చరిత్రకారులు చెప్పుదురు. విజయరాయి, తడికలపూడి దాటిన పిదప కామవరపుకోట వచ్చును. చిరకాలము పశ్చిమ గోదావరి జిల్లాలో నుండిన యీ మండలము 2022 ఏప్రిల్ 4వ తేదీన క్రొత్తగా నేర్పడిన ఏలూరు జిల్లాలో చేరినది.

ఈ దారిని మేము ఇరువది యేండ్లుగా బస్సులోనే పోవుచుంటిమి. మొన్న చైత్రమాసమున మాత్రము మా అక్కయ్యగారి కుమార్తె నడుపు మోటారుసైకిలు వెనుక కూర్చుండి పోయితిమి. ఆ ప్రయాణమున మేము నేర్చుకొన్నది మోటారుసైకిలు బ్రేకులను గుఱించి. గృహిణులకు బ్రేకుల మాట యేల యని కొందఱు సోదరీమణులు అనుకొనవచ్చును. కాని నేడు బండి లేని యిల్లు అరుదు. భర్తయో, కుమారుడో, కోడలో ప్రొద్దున దానిపై బయలుదేరి పోవుదురు. బిడ్డను పట్టుకొని దాని వెనుక కూర్చుండువారము మనమే. సాయంకాలము వాకిట దాని చప్పుడు వినబడువఱకు చెవి యొగ్గి యుండువారమును మనమే. అట్టి బండి యెట్లు ఆగునో తెలిసికొనుట మనకు సంబంధింపని విషయము కాదు.

మా అమ్మాయి కామవరపుకోటకు లోపలగా నున్న యొక పల్లెలో ఉపాధ్యాయిని. ఆ పల్లెకు బడివేళకు బస్సు లేదు. అందుచేత మోటారుసైకిలు నేర్చుకొని, లైసెన్సు సంపాదించి, మూడేండ్లుగా దానిమీదనే పోయి వచ్చుచున్నది. మొదట ఊరివారు వింతగా చూచిరట. ఇప్పుడు టీచరమ్మగారి బండి వచ్చుచున్నదని దారి యిచ్చుచున్నారట. ఏదో పనిమీద ఏలూరు వచ్చి, తిరిగి పోవుచు మమ్ముగూడ రమ్మని పట్టుపట్టెను. ప్రక్కకు తిరిగి కూర్చుండిన బరువు ఒకవైపే పడునని చెప్పి, చీర మడిచి సంచిలో పెట్టించి, తన పంజాబీ దుస్తులు మాచేత తొడిగించెను. యాబది దాటిన వయసున ఆ వేషమునకు మాకు సిగ్గు కలిగిన మాట నిజమే. కాని తలపై హెల్మెట్టు పడిన తరువాత తాము చూచుచున్నది ఎవరినో దారిని పోవువారికి తెలియదు గదా యని సమాధానపడితిమి.

తడికలపూడి దాటిన పిమ్మట రోడ్డు సగముమేర మొక్కజొన్న గింజలు ఆఱబోసి యుండెను. రబీ పంట యింటికి వచ్చు కాలమది. నల్లని తారుపై పసుపు చాప పఱచినట్లున్న యా గింజలను చూచి మేము మురియుచుంటిమి. మా అమ్మాయి మాత్రము ముందుగానే వేగము తగ్గించి, గింజలు లేని సగమున మెల్లగా పోయెను. అవి దాటి మఱల వేగ మందుకొన్న కొంతసేపటికి, ఎడమవైపు తోటలోనుండి ఒక గేదె తటాలున రోడ్డుమీదికి వచ్చెను. అమ్మాయి కుడిచేతి మీటను, కుడికాలి మీటను కలిపి నొక్కెను. మా హెల్మెట్టు ఆమె హెల్మెట్టునకు టక్కున తగిలెను. గేదెకును మాకును రెండు బారల యెడముండగా బండి నిలిచెను. గేదె మమ్ము నిదానముగా నొకమాఱు చూచి, తోక విసరి, అవతలకు పోయెను.

మాకు గుండె దడ తగ్గకముందే నోరు లేచినది.

"ముందు బ్రేకు పట్టుకున్నావా? ఎన్నిసార్లు చెప్పాం నీకు! పల్టీ కొట్టి ఉంటే?"

"పట్టుకోబట్టే ఆగాం పిన్నీ. వెనకది ఒక్కటే తొక్కి ఉంటే ఈపాటికి గేదె మీద ఉండేవాళ్ళం."

ఆ మాటకు మాకు కోపమే వచ్చినది గాని నమ్మకము కలుగలేదు. చిన్ననాడు సైకిలు నేర్చుకొన్నప్పటినుండి మేము విన్న మాట యొక్కటే: ముందు బ్రేకు పట్టిన మనిషి ముందుకు పల్టీ కొట్టును. మా అన్నగారు మాకు చెప్పిరి. మేము మా కుమారునకు, కోడలికి, ఈ అమ్మాయికి చెప్పితిమి. మా అక్కయ్యయైతే మూడేండ్లుగా ప్రతి ఉదయము వీథి గుమ్మమునందు నిలుచుండి, "ముందు బ్రేకు జోలికి పోకు తల్లీ" యని చెప్పిన తరువాతనే కుమార్తెను పంపుచున్నది. అది ఆమెకు దండము పెట్టుకొనుట వంటి నియమము.

ఆమె భయమునకు కారణము లేకపోలేదు. అయిదేండ్ల క్రిందట మా బావగారు ఇదే దారిలో బండి మీదనుండి పడిరి. చినుకులు పడిన రోడ్డుమీద కుక్క యడ్డము రాగా, ఆయన అలవాటుచొప్పున వెనుక బ్రేకునే బలముగా త్రొక్కిరి. వెనుక చక్రము తిరుగుట మాని ప్రక్కకు జాఱినది. బండి పడి కాలు విఱిగినది. ఆయన నేటికిని కొంచెము కుంటుచు నడచుదురు. ఆనాడు మేమందఱమును ఆసుపత్రిలో ఆయన మంచముచుట్టు నిలిచి, "ముందు బ్రేకు ముట్టలేదు కాబట్టి కాలితో పోయింది" అని చెప్పుకొంటిమి. ఆ మాట యెంత తలక్రిందులో తెలియుటకు మాకు ఐదేండ్లు పట్టినది.

కామవరపుకోట పేరులో కోట యున్నను, మాకు ముందుగా స్వాగతమిచ్చునది బస్సులు, ఆటోలు ఆగు కూడలి. అక్కడినుండి లోపలికి పోయిన మా అక్కయ్యగారి యిల్లు. భోజనములైన పిమ్మట మేము గేదె సంగతి ఎత్తి, అమ్మాయిమీద ఫిర్యాదు చేసితిమి. అక్కయ్య మొగము వాడిపోయెను. బావగారు మాత్రము నవ్వి, "అది నేను నేర్పిందేనమ్మా" అనిరి. అక్కయ్యకు తెలియకుండ తండ్రి కూతునకు ముందు బ్రేకు నేర్పియుండెను. కాలు విఱిగి మంచమున పడియున్న నెలలలో ఆయన తానెందుకు పడెనో ఆలోచించి, తెలిసినవారిని అడిగి, చదివి తెలిసికొనెనట.

ఆయన చెప్పిన దిది. బస్సు తటాలున ఆగినపుడు నిలుచున్నవారందఱు ముందుకు తూలుదురు గదా. బండి ఆగునపుడు దాని బరువును అట్లే ముందుకు తూలును. నిలిచియున్న బండి బరువు రెండు చక్రములపై ఇంచుమించు సగము సగముగా నుండును. గట్టిగా ఆపునపుడు అందులో నూటికి 70 పాళ్ళ వఱకు ముందు చక్రముపై పడును. వెనుక చక్రము తేలికయగును. టైరు రోడ్డును పట్టుకొనుట దానిపై పడిన బరువునుబట్టియే యుండును. మనము కత్తిపీటపై కాలు వేసి నొక్కి పట్టినపుడే అది కదలక నిలుచును. బరువు తీసిన యెడల అదే పీట నేలమీద జాఱును. బండి ఆగునపుడు బరువుపడి నొక్కుకొన్న పీట వంటిది ముందు చక్రము, బరువు పోయిన పీట వంటిది వెనుక చక్రము. వెనుక బ్రేకును ఎంత బలముగా త్రొక్కిన అంత త్వరగా ఆ చక్రము పట్టు వదలి జాఱునే గాని, బండి అంత త్వరగా ఆగదు.

"నేను పడ్డది ముందు బ్రేకు ముట్టక" అని ఆయన మెల్లగా ముగించిరి.

అక్కయ్య చాలసేపు మాటలాడలేదు. తరువాత, "మాటలతో నాకు నమ్మకం కుదరదు, చూపించండి" అనెను.

సాయంకాలము ఎండ తగ్గిన పిమ్మట నలుగురమును ఊరి వెలుపలకు పోయితిమి. అచ్చట ఇండ్ల స్థలములకొఱకు వేసి, ఇండ్లు లేకయే యుంచిన పొడుగాటి సిమెంటు రోడ్డొకటి గలదు. మనుష్య సంచారము లేదు. అక్కయ్య ముగ్గుబుట్ట తెచ్చి రోడ్డునకు అడ్డముగా ఒక గీత వేసెను. అమ్మాయి హెల్మెట్టు, చేతితొడుగులు, బూట్లు వేసికొని, గంటకు 30 కిలోమీటర్ల వేగముతో వచ్చి, ముగ్గుగీత దాటగనే బ్రేకు పట్టవలెనని నిర్ణయించితిమి. కొలుచుటకు టేపు మఱచితిమి. మా సంచిలోని చీర తీసితిమి. చీర పొడవు సుమారు అయిదున్నర మీటర్లు గదా.

మొదటిమాఱు అమ్మాయి వెనుక బ్రేకు మాత్రమే త్రొక్కెను. చక్రము కీచుమని యఱచెను, కాలిన రబ్బరు వాసన వచ్చెను, బండి వెనుకభాగము కొంచెము ప్రక్కకు ఊగెను. బండి నిలిచిన చోటినుండి ముగ్గుగీతవఱకు మేమిద్దరము చీర పఱచి చూచితిమి. ఇంచుమించు రెండు చీరల దూరము. రెండవమాఱు ముందు బ్రేకును మాత్రమే పట్టెను. అక్కయ్య కన్నులు మూసికొనెను. పల్టీ కొట్టలేదు సరికదా, బండి ఒక చీరయు, పమిటచెంగంత దూరమును దాటి నిలిచెను. మూడవమాఱు రెండును కలిపి పట్టెను. ఒక చీర పూర్తిగా పట్టలేదు. ఒకే బండి, ఒకే వేగము, ఒకే రోడ్డు. ఒక చీర పొడవు దూరములో గేదె బ్రతుకును, మనిషియు బ్రతుకును.

అక్కయ్య నేలమీద నల్లగా పడిన టైరు జాడను, తన తెల్లని ముగ్గుగీతను మార్చి మార్చి చూచుచు నిలిచెను. పిదప చీర దులిపి మడిచి మా చేతికిచ్చి, "ఇన్నాళ్ళూ దీనికి నేను ప్రమాదమే నేర్పానన్న మాట" అనెను. మేమేమియు అనలేకపోయితిమి. నేర్పినవారిలో మేమును ఉంటిమి గదా.

ఈ తప్పు మన యిండ్లకు మాత్రమే చెందినది గాదు. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ ప్రాంతమున జరిగిన 900 మోటారుసైకిలు ప్రమాదములను హ్యారీ హర్ట్ అను ఆచార్యుడు తన బృందముతో పరిశీలించి 1981లో ఒక నివేదిక ప్రకటించెను. అపాయము ఎదురైనపుడు నడుపువారికి దొరకు వ్యవధి రెండు సెకండ్లకన్న తక్కువయనియు, ఆ వ్యవధిలో పెక్కురు వెనుక బ్రేకును అతిగా త్రొక్కి చక్రమును జాఱనిచ్చి, ముందు బ్రేకును తగినంత వాడకయే ప్రమాదమున పడిరనియు అందులో తేలినది. భయము పుట్టిన క్షణమున మనిషి ఆలోచింపడు, అలవాటైన దానినే చేయును. కాబట్టి మంచి యలవాటును భయము లేని వేళలోనే చేసికొనవలెను.

అయితే మన పెద్దలు తెలివితక్కువవారని భావింపరాదు. వారి కాలమున రోడ్లు పెక్కు కంకర రోడ్లు. కంకరమీదను, ఇసుకమీదను ముందు బ్రేకును ఒక్కసారిగా బిగించిన ముందు చక్రము జాఱును. వెనుక చక్రము జాఱిన సరిదిద్దుకొనుటకు కొంత సందుండును గాని, ముందు చక్రము జాఱిన మనిషి వెంటనే నేలమీద నుండును. వారి జాగ్రత్త ఆ రోడ్లకు సరిపోయినది. తారురోడ్లు వచ్చి వేగము పెరిగిన తరువాత గూడ ఆ మాటనే పట్టుకొని యుండుట మన పొరపాటు.

ముందు బ్రేకును ఎట్లు పట్టవలెనో బావగారు మాచేతనే అభ్యాసము చేయించిరి. నిలిచియున్న బండిమీద కూర్చుండబెట్టి మీట మా చేతికిచ్చిరి. మేము గభాలున బిగించితిమి. "అలా కాదమ్మా, ఆవు పాలు పితికినట్టు" అనిరి. వ్రేళ్ళను ఒకదాని వెనుక నొకటిగా మెల్లగా బిగించి, ఆ పిమ్మట బలము పెంచవలెను. మొదటి మెల్లని ఒత్తిడికి బండి బరువు ముందు చక్రముమీదికి వచ్చును, పట్టు పెరుగును. పట్టు పెరిగిన తరువాత బలముగా నొక్కినను చక్రము ఓర్చుకొనును. పల్టీ కొట్టుట, జాఱుట యన్నవి మీటను గుప్పిట పట్టి ఒక్కపెట్టున లాగినపుడు కలుగు ఆపదలు. ఆ సమయముననే కాలితో వెనుక బ్రేకును తేలికగా కలుపవలెను. చూపు అడ్డము వచ్చినదానిమీద గాక, పోవలసిన దారిమీద నుండవలెను. బండి నిట్టనిలువుగా, ముందు చక్రము తిన్నగా నుండవలెను.

వేగమునకును ఆగు దూరమునకును గల సంబంధముగూడ తెలిసికొనదగినదే. వేగము రెట్టింపైన యెడల ఆగుటకు పట్టు దూరము రెట్టింపు గాదు, నాలుగు రెట్లగును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక సెకండులో 11 మీటర్లు పోవును. కన్ను చూచి, మనసు గ్రహించి, చేయి కదలులోపలనే ఆ సెకండు గడచిపోవును. అనగా బ్రేకు పట్టకమునుపే రెండు చీరల దూరము వ్యయమైపోయిన దన్నమాట. బడిపిల్లలు తిరుగు చోట, సంత చోట, గేదెలు తోలుకొని పోవు వేళ వేగము తగ్గించి, మీటపై రెండు వ్రేళ్ళుంచి పోవుట ఇందుకే.

ఏ బ్రేకు ఎచ్చట నుండునో అన్ని బండ్లకు ఒకటి గాదు. నేటి మోటారుసైకిళ్ళకు కుడిచేతి మీట ముందు బ్రేకు, కుడికాలి మీట వెనుక బ్రేకు. ఎడమచేతిది క్లచ్చి. గేర్లు లేని స్కూటర్లకు కుడిచేతిది ముందు బ్రేకు, ఎడమచేతిది వెనుక బ్రేకు. పాత ఎన్‌ఫీల్డు బుల్లెట్లకైతే గేరు కుడికాలికి, వెనుక బ్రేకు ఎడమకాలికి నుండెడిది. అట్టి బండిపై నేర్చినవారు క్రొత్త బండి యెక్కిన దినమున తొట్రుపడుట సహజము. ఇతరుల బండి అరువు తీసికొన్నపుడు రెండు బ్రేకులును నొక్కి చూచిన తరువాతనే వీథిలోనికి పోవలెను.

2019 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున అమ్ము క్రొత్త బండ్లలో 125 సీసీకి మించినవానికి ఏబీఎస్ అను ఏర్పాటు తప్పనిసరియైనది. బ్రేకు గట్టిగా పట్టినపుడు చక్రము తిరుగుట మానబోవుచున్నదని అది కనిపెట్టి, బ్రేకును క్షణకాలము వదలి మఱల పట్టుచు, చక్రమును జాఱనీయదు. 125 సీసీ లోపు బండ్లకు కనీసము జంట బ్రేకుల ఏర్పాటుండవలెనని ఆనాటి నియమము చెప్పినది. వెనుక బ్రేకు నొక్కిన ముందు బ్రేకును కొంత పనిచేయుట దాని లక్షణము. అయినను ఆ "కొంత" చాలదు. కుడిచేతి మీటను గూడ పట్టవలసినదే. మా అమ్మాయి బండికి ఏబీఎస్ ముందు చక్రమునకు మాత్రమే యున్నది. వెనుక చక్రము కీచుమని జాఱుటకు అదియే కారణము. మఱియు ఇసుక, గింజలు పఱచిన చోట ఏ యంత్రమును దూరమును తగ్గింపజాలదు.

మఱునాడు ఉదయము మేమిద్దరమును ఆ మండలములోనే యున్న జీలకఱ్ఱగూడెము పోవలెనని బయలుదేరితిమి. అదియే గుంటుపల్లి బౌద్ధ గుహలని ప్రసిద్ధి చెందిన చోటు. అక్కయ్య యథాప్రకారము గుమ్మము దగ్గఱకు వచ్చెను. నోరు తెఱచి, ఆగి, ఒక్క క్షణము కూతును చూచి,

"రెండూ కలిపి పట్టుకో తల్లీ. మెల్లగా మొదలుపెట్టి" అనెను.

అమ్మాయి హెల్మెట్టు లోపల నవ్వినదో, కంట తడిపెట్టినదో మాకు కనబడలేదు. బండి కదలుటకు మాత్రము కొంచెము ఆలస్యమైనది.

దారి మలుపులతో నుండెను. ప్రతి మలుపునకు ముందుగానే, బండి నిట్టనిలువుగా నున్నపుడే అమ్మాయి రెండు బ్రేకులు పట్టి వేగము తగ్గించి, మలుపులో బ్రేకు ముట్టక పోవుచుండెను. మలుపులో బండి ఒఱిగియుండును గనుక టైరు పట్టులో కొంత యప్పటికే వ్యయమై యుండునట. మీదనుండి బ్రేకు బిగించిన జాఱును. పల్లములో గేరు తీసివేసి బండిని ఊరక దొర్లనీయలేదు. తగ్గు గేరులో నుంచగా ఇంజనే బండిని కొంత వెనుకకు పట్టుచుండెను. ఒకచోట కాలువ పొంగి రోడ్డుమీద నీరు పాఱుచుండెను. అది దాటిన పిమ్మట బ్రేకులను తేలికగా రెండు మూడు మాఱులు నొక్కి, తడి ఆఱిన దాక మెల్లగా పోయెను. తడిసిన బ్రేకు మొదట సరిగా పట్టదు. కొల్లేటి ప్రాంతమున వానకాలము తిరుగు సోదరీమణులు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

గుంటుపల్లి కొండ చిన్నదే. క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దమునుండి బౌద్ధ భిక్షువులు నివసించిన యా చోట రాతిలో తొలిచిన గుండ్రని చైత్యగుహ యొకటి గలదు. దాని కప్పునకు కొయ్యవాసముల వంటివానిని రాతిలోనే చెక్కిరి. కొయ్యయింటిని చూచి రాతియింటిని కట్టుకొన్న వారి పనితనము చూడదగినది. నడుమనున్న స్తూపమును చుట్టుపట్ల వారు ధర్మలింగేశ్వరుడని కొలుచుదురు. భిక్షువులు వసించిన విహారములును, భక్తులు కట్టించిన చిన్న స్తూపములును కొండమీద నెన్నో యున్నవి. చూచి దిగునపుడు మెట్టు మెట్టునకు మా బరువంతయు ముందు కాలిమీదనే పడుట మొదటిమాఱుగా మేము గమనించితిమి. "చూశావా పిన్నీ, నువ్వూ ముందు బ్రేకుతోనే దిగుతున్నావు" అని అమ్మాయి నవ్వెను.

వెనుక కూర్చుండువారి ధర్మములను గూడ ఆమె యా నీడననే మాకు చెప్పెను. ఇద్దఱెక్కిన బండి ఆగుటకు దూర మెక్కువ కావలెను. వెనుక మనిషి యుండుటచేత వెనుక చక్రముపై బరువు పెరుగును గనుక, అప్పుడు వెనుక బ్రేకు ఒంటరిగా నున్నప్పటికన్న ఎక్కువ సాయపడును. అయినను రెండును కావలసినవే. వెనుకవారు నడుపువారికి దగ్గఱగా కూర్చుండి, పాదములు కాలిమెట్లపై నుంచి, పట్టుకడ్డీని గట్టిగా పట్టుకొనవలెను. లేనియెడల ఆగిన క్షణమున మన బరువంతయు నడుపువారి వీపుపై పడి, చేతులపై వారికి పట్టు తప్పును. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 123వది, పట్టుకడ్డీ, కాలిమెట్లు, వెనుక చక్రమును సగమునకు తగ్గకుండ కప్పు కవచము ప్రతి మోటారుసైకిలునకు ఉండవలెనని చెప్పుచున్నది. చీరచెంగు, ఓణి చక్రమున చిక్కుకొనకుండుటకే ఆ కవచము. అందము చెడునని దానిని తీసివేయించు పిల్లలను మనము వారింపవలెను. హెల్మెట్టు వెనుకవారికిని విధియే. 2019లో సవరించిన చట్టము నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని దానిని తప్పనిసరి చేసినది.

మూడవనాడు మమ్ము ఏలూరు చేర్చుటకు అమ్మాయి వచ్చెను. తడికలపూడికి ముందు మఱల మొక్కజొన్న గింజలు. ఈమాఱు రోడ్డంతయు పఱచి, ప్రక్కన నొక సన్నని బాట మాత్రమే విడిచియుండిరి. అమ్మాయి శుభ్రమైన తారుమీదనే రెండు బ్రేకులు పట్టి దాదాపు నడకవేగమునకు తెచ్చి, బాటమీద చెదిరిన గింజలపై బ్రేకు ముట్టక, చేతులు తిన్నగా నుంచి దాటించెను. మేము బండి దిగి, గింజలు తిరుగవేయుచున్న యామెతో, "ఇలా దారి మీద పోస్తే బళ్ళు జారిపోవా అమ్మా?" అని యడిగితిమి.

ఆమె కోపపడలేదు. "జారతాయని తెలుసమ్మా. మాకు కళ్ళం లేదు. వాన వస్తే పంట పోద్ది. అందుకే రాయి అడ్డం పెట్టలేదు, చూడండి, ఎర్రగుడ్డ కట్టాను" అని కఱ్ఱకు కట్టిన గుడ్డ చూపెను. ఆమె పంటను కాపాడుకొనుటకు దారి కావలెను, మేము ప్రాణము కాపాడుకొనుటకు దారి కావలెను. ఊరూర సిమెంటు కళ్ళములు ఏర్పడువఱకు ఎఱ్ఱగుడ్డ కట్టుట ఆమె వంతు, దానిని చూచి ముందుగానే వేగము తగ్గించుట మన వంతు.

ఇల్లు చేరినపుడు మా కోడలు స్కూటరు తీసి మందులదుకాణమునకు పోవుచుండెను. ఆమెను ఆపి, "ఇన్నాళ్ళు నీకు తప్పు చెప్పాం. కుడిచేతి బ్రేకు కూడా పట్టుకోవాలి" అని చెప్పితిమి. ఆమె ఆశ్చర్యపడి, "ఇప్పుడలా చెబితే చెయ్యి వెళ్ళదు అత్తయ్యా, పదేళ్ళ అలవాటు" అనెను. నిజమే. ఆదివారము నాడు ఖాళీ మైదానమునకు పోయి, ముగ్గుగీత వేసి, మెల్లని వేగముతో మొదలుపెట్టి, చేతికి ఆ పని అలవాటగువఱకు చేయింతునని మాట యిచ్చితిమి.

సోదరీమణులారా, మీ యింట బండి యున్నచో వారమున కొకమాఱు రెండు బ్రేకులును నొక్కించి చూడుడు. మీట పిడిదాక వచ్చుచున్నదేమో, టైరు అరిగినదేమో అడుగుడు. గుమ్మమునందు నిలిచి బిడ్డలను పంపునపుడు మనము చెప్పు మాట ఆపత్సమయమున వారి చేతులలో పనిచేయును. ఆ మాట సరియైనదిగా నుండవలెను.